నడిచే మిషన్ పక్కన

2021 మే నెల చివరి శనివారం, ఉదయం ఆరున్నరకు, నర్సింగం ఇంటి వెనక జాగను టేపుతో కొలిచాడు. కార్పొరేషన్ నీళ్లు అప్పుడే వచ్చాయి. అతని భార్య పద్మారాణి ఆనిగెపు పాదుకు, అదే సొరపాదుకు, పైపు పట్టి నిలబడి ఉంది. టేపు రెండో కొస పట్టుకొమ్మని అతను అనడంతో పైపు కింద పెట్టింది.

"పన్నా పదకొండు అడుగులు," అన్నాడు నర్సింగం. బట్ట వెడల్పును సూరత్ మగ్గాల మీద పన్నా అంటారు. అతను ఉధ్నాలో ఒక మగ్గాల కార్ఖానాలో మాస్టర్. నేలకూ అదే మాట వాడాడు.

"ఎందుకు కొలుసుడు?"

"స్ప్రింక్లర్ తెస్త. ఇగ పైపు వట్టుకొని నిలవడే తిప్పలు ఉండది నీకు."

తిప్పలని ఆమె ఎవరితోనూ అనలేదు. భుజం గుంజుతోందని అంది, అదీ ఒక్కసారి, వారం కిందట అందరూ అన్నాలు తింటున్నప్పుడు. ఆ గుంజుడు చీరల వల్ల వచ్చింది. పని ఇచ్చే ఠేకేదారు మనిషి చీరల మూట తెచ్చి పడేస్తాడు, ఆమె వంటింట్లో కింద కూర్చుని, చీర మీదికి వంగి ఒక్కో మెరుపు రాయీ కూలికి అతికిస్తుంది. కానీ భుజం అనగానే నర్సింగం పైపు అన్నాడు. కూతురు రుచిత ఫోన్లోంచి తల ఎత్తకుండా, "మమ్మీ, స్ప్రింక్లర్ లేలో నా, సస్తాలో వస్తది," అంది, కొనుక్కో, చవకేనని. అత్త ఎల్లవ్వ, "మేం బాయిల నీళ్లు చేదినం. ఈమెకు పైపు వట్టుడు గుడ బరువైందా?" అంది. ముగ్గురూ మాట్లాడారు. ఏ పని చేస్తే నొస్తుందని ఎవరూ అడగలేదు.

"అద్దగంట మిగుల్తది," అన్నాడు నర్సింగం టేపు చుడుతూ. "ఇంకో రెండు చీరలు వడతయి."

ఆమె పైపు మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఆ అరగంట ఎవరిదని అడగాలనిపించింది. అడిగితే నవ్వుతారు. కిందటేడు మార్చి వరకు ఇంట్లో పగలు ఆమె ఒక్కతే ఉండేది. లాక్‌డౌన్‌తో మగ్గాలు ఆగాయి, నర్సింగం ఇంటికి వచ్చాడు. తర్వాత మగ్గాలు నడిచాయి, ఆగాయి, ఇప్పుడు ఒక్క షిఫ్టే నడుస్తున్నాయి. రుచిత కాలేజీ ఆన్‌లైన్ క్లాసులై ముందు గదిలోకి వచ్చింది, దాంతో చీరల పని వంటింట్లోకి పోయింది. చుట్టాల పెళ్లికని సిరిసిల్ల నుంచి వచ్చిన ఎల్లవ్వ రైళ్లు ఆగి ఉండిపోయింది, రైళ్లు నడిచినా పోలేదు. వంటింట్లో ఉంటే చాయ్ అంటారు. బాత్రూంలో ఉంటే తలుపు కొడతారు. డాబా మీదికి పోతే ఎందుకు పోయిందని అడుగుతారు. పెరట్లో పైపు పట్టుకున్నప్పుడు మాత్రం ఎవరూ పిలవరు. నీళ్లు పోతే మళ్లీ రేపే, అందుకు. ఆ అరగంటలో ఆమె చేసేది ఏమీ లేదు. పుంటికూర ఆకుకు ఎక్కడ బొక్క పడిందో చూస్తుంది. మల్లెకు ఎన్ని మొగ్గలు వేశాయో చూస్తుంది. దాన్ని ఏమనాలో ఆమెకు తెలియదు. అది పోతోందన్నది మాత్రం తెలిసింది.

మిగిలిన అరగంట ఏమవుతుందో కూడా తెలుసు. నర్సింగమే చెప్పాడు, చాలా ఏళ్ల కిందట, ఇంకా మగ్గాలు నడిపే కారిగర్‌గా ఉన్నప్పుడు. ఒకరోజు చెప్పులు విడవకుండానే గడపలో కూర్చున్నాడు. "కొత్త మిషన్లు వచ్చినయి. వాటంతటవే నడుస్తయి, నీకు పనేం లేదన్నడు సేఠ్. నాలుగు మగ్గాలు చూసేటోనికి ఎనిమిది ఇచ్చిండు." ఆ రోజు అతని కాళ్లకు ఆమె నూనె రాసింది.

శనివారం మధ్యాహ్నం, కరోనా ఆంక్షలతో మూడింటికే దుకాణాలు మూసేలోగా, నర్సింగం స్ప్రింక్లర్ తెచ్చాడు. ఇత్తడి తల, ఇనుప కాలు. బార్డోలీ దిక్కు చెరకు తోటల వాళ్లు కొనేది అదేనట. "పన్నా ఎంత పెద్దగుంటె అంత మంచిది," అన్నాడు.

ఆదివారం పొద్దున దాన్ని పెరడు మధ్యలో పాతి నల్లా తిప్పాడు. టకటకమంటూ తల తిరిగింది. మొదటి చుట్టులో నీళ్లు మంచం మీద ఆరుతున్న ఎల్లవ్వ వడియాల మీద పడ్డాయి. రెండో చుట్టులో గోడ దాటాయి. పక్కింటి గుజరాతీ ఆవిడ తడిసిన దుపట్టాతో గోడ మీదుగా తల పెట్టింది. "వరసాద్ ఆవ్యో కే శూ?" వానొచ్చిందా ఏమిటని. "ఆ తుఫాను పోయి పదిహేను రోజులు కాలేదు, నర్సింగ్‌భాయ్ ఇంకోటి తెచ్చాడా?" అని హిందీలో అంది. పద్మారాణికి నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది.

"నా వడియాలు!" ఎల్లవ్వ మంచం లాగుతూ అరిచింది. "ఇదేందిరా, ఫైరింజనా?"

"బందు చెయ్ వే నల్లా!" నర్సింగం అరిచాడు. నల్లా అతని పక్కనే ఉంది. పద్మారాణి వెళ్లి బందు చేసింది.

సోమవారం అతనికి షిఫ్టు ఉంది. "నువ్వే పోయి మార్పించుకరా. చిన్నది తే. టైమర్ ఉన్నదైతే మంచిది, నువ్వు చూసే పనే ఉండది."

ఆమె మాస్కు కట్టుకుని, ఇత్తడి తలను సంచీలో వేసుకుని, షేర్ ఆటోలో ఉధ్నా వెళ్లింది. దుకాణదారు ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు. "భాయ్ రాలేదా?"

"నేనే వచ్చిన."

అతను రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి పెరడంతా సమంగా తడుపుతుంది, టైమర్ ఉంది, దానంతటదే ఆగుతుంది. రెండోది మూడు ప్లాస్టిక్ రెక్కలది. సగం పెరడే తడుపుతుంది. ఆమె టైమర్‌ను చేతిలోకి తీసుకుంది. గుండ్రంగా, చిన్నగా ఉంది. తిప్పితే లోపల టిక్కుమంటోంది. భుజం నొప్పి గుర్తొచ్చింది. రెండు చీరలు గుర్తొచ్చాయి. బల్ల మీద పెట్టేసింది.

"ఇది," అంది, రెక్కలదాన్ని చూపిస్తూ.

"బెన్, దీనితో మధ్యలో మీరు లేచి జరపాలి. ఎవరో ఒకరు ఉండాలి పక్కన."

"మాలూమ్ హై," అంది.

మంగళవారం నీళ్లు వచ్చాయి. ఆమె రెక్కల స్ప్రింక్లర్‌ను ఆనిగెపు పాదు దగ్గర పెట్టి నల్లా తిప్పింది. నీళ్లు గోడకు జానెడు ఇవతలే పడ్డాయి. ముందు గదిలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి తడి తగలనంత దూరంలో వేసి కూర్చుంది.

"పద్మా," నర్సింగం తలుపు దగ్గరికి వచ్చాడు. "తిరుగుతనే ఉంది గద. లోపలికి రా, చాయ్ పెట్టు."

ఆమె లేవలేదు. కిందటి నెలలో అతను ఒక కారిగర్‌ను పనిలోంచి తీసేశాడు. మగ్గం నడుస్తుండగా వాడు చాయ్‌కి పోయాడు, పోగు తెగింది, బట్ట తాను మొత్తం ఖరాబైంది. ఆ సంగతి అతను ఇంట్లో మూడు రోజులు చెప్పాడు.

"మిషన్ నడుస్తుంటె కారిగర్ జాగ ఇడువొద్దని నువ్వే అంటవు," అంది.

"అది మగ్గం."

"ఇది గుడ నడుస్తనే ఉంది."

"మరి చీరలో?"

"ఒక మనిషికి ఒక్కటే మిషన్."

లోపలి నుంచి ఎల్లవ్వ గొంతు వచ్చింది. "ఏమంటుందిరా కోడలు?"

నర్సింగం కుర్చీ వైపు చూశాడు. స్ప్రింక్లర్ వైపు చూశాడు. "పాలెక్కడున్నయి?" అన్నాడు.

"ఫ్రిజ్‌ల. కింది అరల."

అతను లోపలికి పోయాడు. గిన్నెల చప్పుడు అయింది. గ్యాస్ లైటర్ టిక్కుమంది. మళ్లీ టిక్కుమంది. మూడోసారికి పొయ్యి అంటుకుంది. పద్మారాణి లేచి స్ప్రింక్లర్‌ను పుంటికూర వైపు జరిపింది. వచ్చి కుర్చీలో కూర్చుంది.