బిగించని ఇరుసు

బండి నంద్యాల పొలిమేర దాటిందో లేదో యోహానుకు ఒళ్ళు మండటం మొదలైంది. బండి తోలేది అతను. పక్కన యజమాని చెన్నకేశవులు, ఆ పక్కన ఆయన తల్లి కమలాక్షమ్మ ఒళ్ళో పూజబుట్ట పెట్టుకుని కూర్చుంది. ముగ్గురిలో ఒక్కడికి బుద్ధుంది, ఆ ఒక్కడి మాట వినే దిక్కు లేదు.

అది మిలిటరీవాళ్ళు వేలంలో అమ్మేసిన బండి. వెనక తొట్టి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం. రుద్రవరం అడవి నుంచి వెదురు బొంగులు దించడానికి చెన్నకేశవులు కొన్నాడు. కొండ దిగే కనుమ దారిలో రాళ్ళ దెబ్బలకు దాని ముందు ఇరుసు వంగేది, సరిచేయించేవాళ్ళు, మళ్ళీ వంగేది. పోయిన ఎండాకాలం ఏకంగా విరిగింది. బొంగుల మీద కూర్చుని దిగుతున్న కూలీలు ఎగిరి వాగులో పడ్డారు. వాళ్ళలో యోహాను పెళ్ళాం జీవమ్మ ఉంది. ఆమె కుడిచెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు. అయినా రేపు మళ్ళీ ఆ బొంగుల మీదే ఎక్కాలి. కూలికి పోకపోతే ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు.

అప్పటి నుంచి పెద్ద ఇరుసు వేయించప్పా, వేయించప్పా అని యోహాను చెన్నకేశవులు చెవిలో జోరీగలా పోరాడు. చివరికి పాత మిలిటరీ లారీది ఒకటి దొరికింది. రెండింతల మందం, గేరు పళ్ళ లెక్క కూడా వెనక ఇరుసుతో సరిపోయింది. నంద్యాలలో మేస్త్రీ అబ్దుల్ రహిమాన్ దాన్ని బండి బరువు మోసే కమాను పట్టీలకు బోల్టులతో బిగించి, చేతులు తుడుచుకుంటూ ఒక్క మాట చెప్పాడు.

"ఐదారు మైళ్ళు పోయి ఎనక్కి రాండప్పా. కమాన్లు సర్దుకుంటాయి, బోల్టులు వదులైతాయి. ఇంగోసారి బిగిస్తేనే పని అయినట్టు. అంతదాకా కనుమ ఎక్కొద్దు."

ఆయన మాట ముగించేలోపే కమలాక్షమ్మ చక్రాలకు పసుపు పూసి కొబ్బరికాయ కొట్టేసింది. రాహుకాలం ముంచుకొస్తోందట! కాయ కొట్టిన బండి నేరుగా ఇల్లు చేరాలట, నడిదారిలో వెనక్కి మళ్ళితే ఇంటికే అరిష్టమట. కొడుకు గంగిరెద్దులా తల ఊపాడు. ఇల్లుండే ఆళ్ళగడ్డలో చూస్తే ఆ నట్టు పట్టే పానా ఎవరి దగ్గరా లేదు. తెల్లవారితే అడవికి పోవాలి. ఇక బిగించేది ఎప్పుడు, వీళ్ళకు పిండాకూడు పెట్టేటప్పుడా?

శిరివెళ్ళ దగ్గర స్టీరింగు వణికింది. కింద టక్కుమని చప్పుడు. యోహాను బండి ఆపి కిందికి దూరాడు. నట్టు పట్టుకుంటే వేళ్ళతోనే తిరిగింది, కిరసనాయిలు బుడ్డి మూత తిరిగినంత తేలిగ్గా. అరికాలి మంట నెత్తికెక్కింది.

పైకొచ్చి ఇంజను స్టార్టు చేసి, "బోల్టులు వదిలినాయప్పా. నంద్యాలకు తిప్పుతాండా," అన్నాడు.

"రేయ్! ఏందీ నువ్వు తిప్పేది?" అని చెన్నకేశవులు కసురుకున్నాడు. "అమ్మ చెప్పింది ఇనపల్యా? మెల్లగా పోనీ. ఇంటికి పోయినాక చూద్దాం."

"ఆడ ఏం చూస్తావ్? పానా యాడుంది ఆడ?"

"అంత ఇరుసు తెచ్చి ఏయిస్తి గదరా. ఇంగా నీ బయమేంది?"

"ఇరుసు ఎంత లావుంటే ఏమప్పా, దాన్ని పట్టుకునేది ఈ బోల్టులే గదా! అవి ఊడితే ఇరుసు పక్కకు జారుతాది. స్టీరింగు నా చేతిలో ఉంటాది, బండి మాత్రం లోయలో ఉంటాది. కనుమ దాకా ఎందుకు, ముందర మలుపులో జారినా జారుతాది."

ఆ మాటకు కమలాక్షమ్మ కదిలింది. బుట్ట చంకన పెట్టుకుని, కొంగు సర్దుకుని మెల్లగా రోడ్డు మీదికి దిగింది.

"చెన్నకేశవా, నువ్వు కూడా దిగు నాయనా," అంది. "మనం ఎనక బస్సులో పోదాం. వాడు తోలుకొస్తాడు లే. బండి తిరక్కుండా ఇల్లు చేరితే అంతే చాలు."

చెన్నకేశవులు దిగాడు. తల్లి వైపు చూడలేదు, యోహాను వైపు అసలే చూడలేదు.

యోహాను ఇంజను ఆపేసి తనూ కిందికి దూకాడు.

"నీ కొడుకును దించుకుంటివే అమ్మా!" అని అరిచాడు. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూశారు. "కన్నతల్లివి, దించుకుంటావు. నన్ను సావమని చెప్తివి, అదీ సరే. రేపు నా జీవమ్మను దించేదానికి ఎవరుండారు? దానికి అమ్మ లేదు, నాయన లేడు. నేనే ఉండా! నేను గూడా దిగినా, ఇంగ తోలుకోండి!"

"పనిలోంచి తీసేస్తా నా కొడకా!" అని చెన్నకేశవులు మీదికొచ్చాడు.

"తీసెయ్. నీ దుడ్లూ వద్దు, నీ బండీ వద్దు. తీసేసి నువ్వే తోలుకో."

చెన్నకేశవులుకు బండి కొనడం వచ్చు గానీ తోలడం రాదు. కాసేపు ఎగిరాడు, కాసేపు తిట్టాడు, చుట్టూ చేరిన జనాన్ని చూసి తగ్గాడు. అంతలో నంద్యాలకు పోయే బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. చెయ్యి ఎత్తి ఆపాడు. మెట్టు మీద నిలబడి, ఎటో చూస్తూ, "ఏం పానా అడగాల్రా?" అన్నాడు.

"పానా కాదు, మేస్త్రీ సాయిబునే పిల్చుకోని రా," అన్నాడు యోహాను.

బస్సు పోయింది. ఎండ మాడుతోంది. రోడ్డు పక్కన చెట్టన్నది లేదు. కమలాక్షమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ కొంతసేపు ఓర్చుకుంది. "నీడకు కూసుంటా," అని గొణుగుతూ వచ్చి బండి ఎక్కడానికి కాలు ఎత్తింది.

"ఎక్కొద్దు," అన్నాడు యోహాను. "బిగించేదాకా ఎవురూ ఎక్కొద్దు."

ఆమె ఎత్తిన కాలు కింద పెట్టింది.