పప్పు గిన్నె అడుగున

గురువారం ఉదయం ఎనిమిది గంటలకు జగపతిరావు ఇంటి వెనక వాకిట్లో అర తులం బంగారు ఉంగరం కనిపించకుండా పోయింది. ఆ సమయంలో అక్కడ ఉన్నది ఇద్దరు. బావి గచ్చు మీద గిన్నెలు తోముతున్న నీలి, వంటింటి గడపలో నిలబడ్డ నిర్మల. కొట్టం ముందు బర్రె ఉంది.

"పప్పు గిన్నె ఏదే?" అని అడిగింది నిర్మల.

నీలి బోర్లించిన గిన్నెల వైపు చెయ్యి చూపింది. "కడిగిన దొరసాని. అగో."

నిర్మల గచ్చు మీదికి దిగి వచ్చి గిన్నె తిప్పి చూసింది. "దీంట్ల ఏమన్న కనవడ్డదా?"

"ఏం కనవడలె. నానబెట్టిన నీళ్లున్నయి. గోలెంల పోసిన."

నిర్మల కుడితి గోలెం దగ్గరికి వెళ్లింది. గోలెం అడుగున నాలుగు మెతుకులు, చింతపండు పిప్పి ఉన్నాయి. బర్రె మూతి నాక్కుంటోంది. నీలి చేతిలోని పీచు బూడిదలో పెట్టేసింది. ఏం జరిగిందో ఆమెకు అర్థమైంది.

జగపతిరావుకు నెల్లికుదురులో భూములున్నాయి. పిల్లల చదువు కోసం 1976లో కాపురం మానుకోటకు మార్చాడు. అప్పటి నుంచి నిర్మల గిన్నెలు తోమడానికి నమ్మకమైన మనిషి కోసం వెతుకుతోంది. రెండేళ్లలో నలుగురు మారారు. ఒకామె ఆలస్యంగా వచ్చేది. ఒకామె పండుగ నాడే రాలేదు. మిగిలిన ఇద్దరి మీద నిర్మలకు అనుమానం కలిగింది. నీలి రైల్వే గేటు అవతలి తండా నుంచి వచ్చి నెల కావస్తోంది. జీతం పదిహేను రూపాయలు, పొద్దున్నే, రాత్రి మిగిలిన అన్నం. వంటింటి గడప దాటకూడదని మొదటి రోజే చెప్పారు. తోమిన గిన్నెలు గచ్చు మీదే పెట్టాలి. అత్త కనకలక్ష్మి వాటి మీద చెంబుతో నీళ్లు పోసి లోపలికి తీసుకుంటుంది. నీలి ఒప్పుకుంది.

చెప్పని షరతు ఇంకొకటి ఉంది. అది పక్కింట్లో పనిచేసే సారక్క గోడ మీది నుంచి చెప్పింది.

"కొత్త మనిషిని పెట్టుకుంటె గిన్నెలల్ల ఏదో ఒకటి ఏస్తరు బిడ్డ. తీసిస్తె ఉంటవ్, లేకుంటె పోతవ్. నాకు ముక్కుపుల్ల ఏసిన్రు. గది గుడ ఇత్తడిది. నన్ను గంత అగ్గువ దొంగ అనుకున్నరా అని రెండు దినాలు ఏడ్చిన."

మొదటి వారం చారు గిన్నెలో వెండి చెంచా వచ్చింది. తర్వాత పాల గిన్నెలో మెట్టె వచ్చింది. రెండుసార్లూ నీలి వాటిని కడిగి గడప మీద పెట్టింది. నిర్మల తీసుకుని లోపలికి పోయింది. వెండి తిరిగిచ్చినంత మాత్రాన నమ్మవద్దని, ఒకసారి బంగారం పెట్టి చూడమని ఎవరో ఆమెకు చెప్పారు. బుధవారం రాత్రి అన్నాలయ్యాక నిర్మల తన ఉంగరం తీసి పప్పు గిన్నెలో వేసింది. పైకి కనబడకుండా గిన్నె నిండా నీళ్లు పోసింది. ఆ ఇంట్లో ఎంగిలి నీళ్లు పారబొయ్యరు. మొదటి కడుగు నీళ్లన్నీ గోలెంలో పొయ్యాలి, అది బర్రెకు. ఈ లెక్క పెట్టింది కనకలక్ష్మి. పొద్దున బర్రెను గోలెం మీదికి విడిచేదీ ఆమే. నిర్మలకు వెనక వాకిలితో పని తక్కువ.

కనకలక్ష్మి నీళ్ల చెంబుతో బయటికి వచ్చింది.

"ఏమైందే నిర్మలా?"

"ఉంగురం, అత్తమ్మ. మా అవ్వ పెట్టింది."

"గిన్నెలకు ఎట్ల వచ్చింది?"

నిర్మల చేతిలోని గిన్నె మళ్లీ బోర్లించింది. కనకలక్ష్మి నీలి వైపు తిరిగింది. "ముందుగాల దీని నడుము చూడు."

ఎవరి చెయ్యీ పడకముందే నీలి నడుముకున్న సంచి విప్పి గచ్చు మీద బోర్లించింది. వక్క ముక్క, పొగాకు, సూది, దారం పడ్డాయి. చెంగు దులిపింది. నోరు తెరిచి చూపింది.

జగపతిరావు గడ్డం గీసుకుంటూ లేచి వచ్చాడు. ఒక చెంప నున్నగా ఉంది, ఇంకో చెంప మీద నురగ ఉంది. తల్లి చెప్పింది విన్నాడు.

"బర్రె మింగిందో, నువ్వు మింగినవో," అన్నాడు. "దొరికేదాక ఈడికెల్లి కదలద్దు. బర్రె పెండ ఏసినప్పుడల్ల పిసికి చూడు. ఎల్లుండికి దొరకలేదంటె స్టేషన్ల చెప్త. మీ తండోళ్లతోని ఎట్ల మాట్లాడాల్నో వాళ్లకు ఎర్కనే."

నీలికీ ఎరుకే. రెండేళ్ల కింద బియ్యం మిల్లులో బస్తాలు పోయాయని తండా నుంచి ఆరుగురిని తీసుకుపోయారు. అందులో ఆమె మొగుడు బాలు ఒకడు. బస్తాలు లారీ ఎక్కనే లేదని, లెక్క తప్పిందని తర్వాత తేలింది. బాలు ఎడమ చేతి వేళ్లు రెండు ఇప్పటికీ వంగవు.

ఇక్కడ కూర్చుని పెండ పిసికితే, ఉంగరం దొరికే వరకు తాను దొంగ. దొరకకపోయినా దొంగే. లేచి పోతే జీపు తండాకు వస్తుంది. నీలి సూది, దారం ఏరి సంచిలో వేసుకుంది. సంచి నడుముకు కట్టుకుంది.

"నేను పిసుక, దొర."

"ఏందీ?"

"నేను పిసుక. ఉంగురం ఏసింది దొరసాని. మీద నీళ్లు పోసింది దొరసాని. బర్రెను ఇడిచింది పెద్ద దొరసాని. నాకు చెప్పిన పని నేను చేసిన."

"నోరు లేస్తున్నదే నీకు."

"స్టేషన్ల చెప్పున్రి. చెప్పేటప్పుడు పప్పు గిన్నెల ఉంగురం ఎవలు ఏసిన్రో గది గుడ చెప్పున్రి. మీరు చెప్పకుంటె నేను చెప్త."

జగపతిరావు భార్య వైపు తిరిగాడు. "నువ్వేసినవా?"

"చూద్దామని ఏసిన."

"ఏం చూద్దామని?"

నిర్మల బావి గిలక వైపు చూసింది. గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. గోడ మీద సారక్క తల కనిపించింది.

"నీకేం పని సారక్కా ఈడ?" అన్నాడు జగపతిరావు.

"ఏం లేదు దొర. బాసన్లు తోముతున్న. చేతులకు పనున్నది, చెవులే ఖాళీగున్నయి."

నీలి చేతుల బూడిద కడుక్కుంది. తోమని గిన్నెలు ఇంకా సగం ఉన్నాయి. వాటిని ముట్టకుండా పెరటి తలుపు తీసుకుని బయటికి వచ్చింది. వెనక నుంచి ఎవరూ పిలవలేదు. ఆమె పరుగెత్తలేదు. ఊళ్లో తండా మనిషి పరుగెత్తితే ఎవరో ఒకరు ఆపి అడుగుతారు. రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి పోయేదాకా నిలబడింది. గేటు లేచాక పట్టాలు దాటింది.

ఇంటికి వచ్చి జరిగింది తమ భాషలో బాలుకు చెప్పింది. పోలీసులు వస్తారా అని అడిగాడు బాలు. తెలియదంది. ఇలాంటప్పుడు తండాలో మగవాళ్లు గొంగళి తీసుకుని చేలల్లోకి పోతారు. బాలు దండెం మీది గొంగళి తీశాడు. కాసేపు పట్టుకుని నిలబడ్డాడు. మళ్లీ దండెం మీదే వేశాడు.

"నువ్వు తియ్యలేదు గదా," అన్నాడు.

"అది నువ్వు అడిగితే నేను ఎవరికి చెప్పుకోవాలె?"



శనివారం సాయంత్రం గేటు దగ్గర సారక్క కలిసింది. పశువుల దవాఖాన కాంపౌండర్ బుచ్చయ్య వచ్చి బర్రెను చూశాడని చెప్పింది. బరువు వస్తువు పెండలో పడవచ్చు, కడుపులోనే ఉండిపోవచ్చు, చెప్పలేమన్నాడట.

"పెండ ఎవలు చూస్తున్నరు?" అని అడిగింది నీలి.

"దొరసానే. కట్టె పుల్ల పట్టుకోని కూసుంటది. పెద్దామె ముక్కుకు కొంగు పెట్టుకోని ఎనుక నిలవడుతది."

"గిన్నెలు?"

"నన్ను తోమమన్నది. జీతం గుడ పెంచుతనన్నది. తోముత గని, ఒక్కొక్క గిన్నె నా ముంగట మీరు చూసి, ఏం లేదని చెప్పి ఇయ్యున్రి, అప్పుడు ముట్టుకుంట అన్న." సారక్క తమలపాకు ఈనె తీసి పారేసింది. "తలుపేసుకున్నది."

"కంప్లెంటు ఇచ్చిన్రా?"

"నేను పనిచేసే ఇంటి సారు స్టేషన్ల కనుక్కున్నడు. ఇయ్యలేదట. ఇంకా."

గేటు లేచింది. ఇద్దరూ రెండు వైపులకు నడిచారు.

ఆదివారం పొద్దుగూకే వరకు తండాకు జీపు రాలేదు. ఉంగరం దొరకలేదు. గురువారం నాటి గిన్నెలు గచ్చు మీదే ఉన్నాయి.