డోర్కస్ ఇచ్చిన జవాబు

అమెరికాలో అంతర్యుద్ధం ముగిసి, కరోలినా వరిపొలాల్లో బానిసలందరికీ విడుదల దొరికిన మరుసటేడు సంగతి. పాతకాపురాలన్నిటికీ ఆదివారం చట్టప్రకారం పెళ్ళి చేస్తానని పాస్టరుగారు చాటించగానే, అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు మా ప్రైమస్. దొరల కాలంలో బానిసల పెళ్ళిళ్ళు చట్టం లెక్కలో పెళ్ళిళ్ళే కావు. పక్క గుడిసె టెంపీ మొగుణ్ణి అలాగే అమ్మేశారు, మళ్ళీ కనబడలేదు. ఇక తన డోర్కస్‌ను ఎవడూ లాక్కుపోలేడని ప్రైమస్‌కు కాళ్ళు నేలమీద నిలవలేదు. దొర పారిపోతూ వదిలేసిన కోటు తగిలించుకుని ఇంటికొచ్చాడు. భుజాల దగ్గర బిగుతు, పొట్ట దగ్గర వదులు. దొరకున్న పొట్ట తనకెక్కడిది?

"ఏమే, ఆదివారం మన పెళ్ళి. పాస్టరుగారితో చెప్పేశా."

డోర్కస్ బియ్యం చెరుగుతోంది. తలెత్తలేదు.

"ఎవర్నడిగి చెప్పావ్?"

"ఎవర్నడగాలే? ఇప్పుడు దొర లేడుగా!"

"దొర లేడు. నేనున్నాగా."

ప్రైమస్‌కు పాత సంగతి గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళ కిందట దొర వరండాలో నిలబడి, డోర్కస్‌ను చూపించి, "దాన్ని నువ్వు తీసుకో" అన్నాడు. తీసుకున్నాడు. ఆమెనెవరూ అడగలేదు, తనూ అడగలేదు. దొరను అందరికంటే గట్టిగా తిట్టేది తనే. తీరా చూస్తే కోటుతోపాటు దొర నోరు కూడా తగిలించుకొచ్చాడు. తన్ను చూసి తనకే నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.

కోటు విప్పి గుమ్మం బయట పడేశాడు. తనూ బయటికొచ్చి తలుపు దగ్గరికి లాగి, తన ఇంటి తలుపు తనే తట్టాడు.

"ఏంటి మావా, పెళ్ళాం తరిమేసిందా?" అంది టెంపీ కంచె అవతల నుంచి.

"ఇంకా పెళ్ళాం కాలేదమ్మా. అదే అడుగుదామని వచ్చా."

"ఎవరూ?" లోపల్నుంచి డోర్కస్.

"నేనే, ప్రైమస్‌ని. సొంత పొలం లేదు. మోకాళ్ళ నొప్పులున్నాయి. గురక పెడతా. నన్ను చేసుకుంటావా?"

"చేసుకోను."

చేసుకోనంటే చేసుకోదు, ఇప్పుడది ఆమె హక్కు. గురక సంగతి దాచకపోయావేం వెధవా అని తన్ను తానే తిట్టుకున్నాడు. వెళ్ళిపోదామంటే ఎక్కడికి పోవాలో తెలియలేదు. అక్కడే నిలబడ్డాడు.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. డోర్కస్ కళ్ళు తడిగా ఉన్నాయి, మూతి మాత్రం నవ్వుతోంది.

"నాకు ఊహ తెలిశాక ఎవరికీ కాదని చెప్పి ఎరగనయ్యా. ఒక్కసారి అని చూద్దామనిపించింది. ఏదీ, మళ్ళీ అడుగు."

ప్రైమస్ మళ్ళీ అడిగాడు. ఈసారి గురక మాట ఎత్తలేదు.