నాలుగో అరలో డీజిల్

వ్యాన్ కింద ఒక్క చుక్క కూడా లేదు. బీరువా నాలుగో అరలో ఉన్న హైమవతి చీరలు మాత్రం డీజిల్‌తో తడిసి ఉన్నాయి.

దక్షిణామూర్తి మాస్టారు వాటిని ఒక్కొక్కటిగా తీసి పెరట్లో దండెం మీద ఆరవేస్తారు. ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పిన మనిషి కనుక చూసింది చూసినట్టు కాగితం మీద రాసుకుంటారు. తడిసినవి ఆరు. ఏడోది, ముదురాకుపచ్చ నేతచీర, పొడిగా ఉంది. నిన్న నిండుగా ఉన్న ట్యాంకు ఇవాళ సగానికి దిగింది. వ్యానుకూ బీరువాకూ మధ్య వరండా, రెండు గదులు, తాళం వేసిన ఒక తలుపు. నేల ఎక్కడా తడి లేదు.

కారణం అని రాసి, ఎదురుగా ఖాళీ వదిలేస్తారు.

ఆ వ్యాన్ ఒకప్పుడు పిల్లల్ని బడికి చేర్చేది. దాన్ని కొని, బెంచీలు పీకించి, మంచం, పొయ్యి గట్టు, నీళ్ళ డబ్బా పెట్టించింది ఆయన భార్య హైమవతే. చివరగా డ్రైవరు పక్క సీటు కింద డీజిల్‌తో మండే చిన్న హీటరు బిగించారు. ఆమెకు చలి ఎక్కువ. అందరూ ఫ్యాను వేసుకునే రోజుల్లో కూడా ఆమె పాదాలు చల్లగానే ఉండేవి. "లంబసింగిలో మంచు చూడాలి. కాళ్ళు వెచ్చగా ఉండాలి. నాకు రెండూ కావాలి," అనేది.

నర్సీపట్నం నుంచి లంబసింగి ఎంతో దూరం లేదు. అయినా మూడు చలికాలాలు మాస్టారు ఒకే మాట చెప్పారు. సిలబస్ అవగానే వెళ్దాం. మూడో ఏడు సిలబస్ డిసెంబరులో పూర్తయింది. ఆమె దీపావళికి ముందే పోయింది.

ఇప్పుడు ఆయనకు మిగిలింది ఒక్క పని. ఆమె ఉన్ని మేజోళ్ళను పక్క సీట్లో పెట్టుకుని, హీటరు వేసి, వ్యాన్‌ను ఒక్కసారి కొండ ఎక్కించాలి. ట్యాంకు ఇలా కారుతుంటే ఘాట్ రోడ్డు మధ్యలోనే బండి ఆగిపోతుంది.

ఎనిమిది గంటలకు మెకానిక్ నూకరాజు పనిముట్ల పెట్టెతో వస్తాడు. పదో తరగతిలో చివరి బెంచీ అతనిది. ఇప్పుడు మీసం నెరిసింది.

"ఏటి మాస్టారూ, బండికి జొరమా?"

"కారుతోంది. కింద కాదు, బీరువాలో."

నూకరాజు దండెం మీది చీర అంచు పట్టుకుని వాసన చూస్తాడు. "డీజిలే. అయితే ఇది హీటరు పైపండి. ఇంజిను పైపయితే గచ్చు మీదే కారేసి ఊరుకుంతాది. దానికింత తెలివి నేదు."

వ్యాన్ కింద దూరి కాసేపు చెవి పెట్టి వింటాడు. "హీటరు ఆపేరా?"

"దాన్ని అసలు వేయనే లేదు. ఆమె పోయాక ఒక్కసారి కూడా."

"మరి పంపు కొట్టుకుంతంది, ఇనండి."

టిక్కు. కొంత ఎడం. టిక్కు. మాస్టారు తన మణికట్టు పట్టుకుని చూసుకుంటారు. అది తన నాడి కాదు.

"పంపు దానంతటది కొట్టుకోదండి," అంటాడు నూకరాజు బయటికి వస్తూ. "అవతల ఎవులో సలేస్తందని అంతేనే ఇది పంపుతంది."

మాస్టారు ఆ మాటను కారణం అన్నదానికి ఎదురుగా రాసుకుంటారు. పక్కన ప్రశ్నార్థకం పెట్టి, మళ్ళీ కొట్టేస్తారు.

కారే చోటు కనుక్కునే పద్ధతి ఒకటే. పైపంతా గుడ్డతో శుభ్రంగా తుడిచి, దాని పొడవునా సుద్దముక్కతో రుద్దుకుంటూ పోవాలి. తడి తగిలిన చోట తెలుపు నల్లబడుతుంది. బడి సంచిలోంచి మాస్టారు సుద్దముక్కల డబ్బా తీస్తారు.

"నా పరీచ్చ పేపరంతా ఎర్రగా గీసీవోరు," అంటాడు నూకరాజు. "ఇప్పుడైనా తెల్లగా గీత్తన్నారు."

"నువ్వు రాసింది చదివితే ఇంకు దానంతటదే ఎర్రబడేది."

నూకరాజు నవ్వి, డ్రైవరు సీట్లో కూర్చుంటాడు. మాస్టారు మోకాళ్ళ మీద వంగి, పైపు వెంట సుద్ద రుద్దడం మొదలుపెడతారు. రెండు బారల పైపు అది. మొదటి సుద్దముక్క పొయ్యి గట్టు దగ్గర అరిగిపోతుంది. రెండోది మంచం కాళ్ళ దగ్గర. మూడోది అరిగేసరికి కూడా మంచం కాళ్ళు దాటవు. వ్యాన్ వెనక తలుపు రూపాయి బిళ్ళంత కనిపిస్తోంది.

"పొడుగవుతోంది, నూకరాజూ."

"పాత బళ్ళండి. సాగుతాయి." గొంతు రెండు వీధుల అవతల నుంచి వస్తుంది.

మంచం దాటాక, పీకించిన బెంచీలు వరసగా వేసి ఉంటాయి. వాటి మీద ఎవరూ లేరు. ప్రతి బెంచీ మీదా ఒక పుస్తకం, చివరి పాఠం దగ్గర తెరిచి ఉంది. మాస్టారు ఏ పుస్తకమూ మూయకుండా బెంచీల కింద నుంచి పాకుతారు. చలి మొదలవుతుంది. ఆయన ఊపిరి ముందుగా పోయి, పైపు మీద తెల్లగా వాలి, ఆయన కోసం ఆగుతుంది.

డబ్బాలో ఆఖరి ముక్క సగం అరిగినప్పుడు సుద్ద నల్లబడుతుంది.

అక్కడ రబ్బరు జాయింటు వదులై ఉంది. దాని అవతల పైపు, మాస్టారుకు బాగా తెలిసిన ఒక ఇనుప అరలోకి పోతుంది. అర మీద ముదురాకుపచ్చ చీర. దాని మడతలో ఉన్ని మేజోళ్ళు. పైపు కొస ఒక మేజోడులో దూరి ఉంది. మాస్టారు మేజోడు మీద చెయ్యి వేస్తారు. ఉన్ని లోపల పాదం ఉన్నంత ఎత్తు ఉంది. మడమ వెచ్చబడింది. వేళ్ళు ఇంకా చల్లగా ఉన్నాయి.

"దొరికింది," అంటారు, గొంతు పెంచకుండా.

"మీ జేబులో క్లిప్పు ఎట్టేను, సూడండి. అది తొడిగి గట్టిగా బిగించీండి. ఆగిపోతాది. రేపే కొండెక్కీవొచ్చు."

జేబులో క్లిప్పు ఉంది. మాస్టారు దాన్ని జాయింటు మీదికి తొడిగి, స్క్రూ మీద వేలు ఆనిస్తారు.

"బిగిస్తే అవతల ఏమవుతుంది?"

దూరం నుంచి జవాబు వస్తుంది. "సల్లారిపోద్ది మాస్టారూ. లీకు కట్టడమంతే అదే గదండీ."

పంపు కొట్టుకుంటోంది. మాస్టారు వేలు కదలదు. మూడు చలికాలాలు ఆయన ఇలాగే, అవసరమైన పని ముందు పెట్టుకుని, ఇంకో పని అయ్యేదాకా ఆగారు. కొండ ఇంకా అక్కడే ఉంది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి.

ఆయన క్లిప్పు తీసేస్తారు. జాయింటును ఇంకొంచెం వదులు చేస్తారు.

"నూకరాజూ, ట్యాంకు నింపు."

"ఎంత పొయ్యమంతారు?"

"వెచ్చబడేదాకా."

"మరి బండి కదల్దండి."

"కదలక్కర్లేదు."

వెనక్కి రావడానికి మూడు అడుగులే పడతాయి. నూకరాజు డబ్బాలతో డీజిల్ పోస్తూ ఉంటాడు, ట్యాంకు తాగుతూ ఉంటుంది. పంపు నిదానిస్తుంది, నిద్ర పట్టబోతున్న మనిషిలా. పెరట్లో దండెం మీది చీరలు ఆరిపోయి తేలికగా ఊగుతాయి.

అప్పుడు వీధి చివర నుంచి కొండ వస్తుంది. తొందరేం లేకుండా, కాఫీ తోటలు ఒంటిని పట్టుకుని ఉండగా, మంచును ఒలకనివ్వకుండా నడిచి వచ్చి, గేటు దగ్గర ఆగి, ఎడమ పక్క కిటికీకి భుజం ఆనిస్తుంది.

"మనం ఎక్కపోతే అదే దిగాల గదా," అంటాడు నూకరాజు, డబ్బా పక్కన పెట్టి.

ఎదుటి అద్దం మంచుతో తెల్లబడుతుంది. లోపలివైపు, పక్క సీటు ఎదురుగా, రెండు పాదాల ముద్రలు ఆవిరిలో తేలతాయి. డ్యాష్‌బోర్డు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న మనిషి అరికాళ్ళు.

నూకరాజు వంగి చూస్తాడు. "కాలి ఏళ్ళు పదీ వొచ్చేసేయి మాస్టారూ."

మాస్టారు మిగిలిన సగం సుద్దముక్కతో, ఆవిరి చెదరకుండా, పాదాల చుట్టూ గీత గీస్తారు. గీత కలవబోయే చోట పాదాలు రెండూ కొంచెం పక్కకు జరుగుతాయి, ఇంకో రెండు పాదాలు పట్టేంత. ఆయన చెప్పులు విప్పి, సీటెక్కి, తన కాళ్ళు ఆ ఖాళీలో ఆనిస్తారు. కొండ అద్దానికి నోరు దగ్గరగా పెట్టి, నాలుగు పాదాల వేళ్ళ మీదా నెమ్మదిగా ఊదుతుంది.