గ్లెనిస్ కారవాన్ నేర్చిన చలికాలం

జూన్‌లో చలికాలం మొదలైనప్పటినుంచీ పాస్కో వాళ్ళింట్లో భోజనాల బల్ల మీద భోజనం లేదు. బల్లంతా మ్యాపు పరిచి ఉంది. గ్లెనిస్, ఆమె భర్త క్లైవ్ ఇద్దరూ పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చుని తింటున్నారు. మ్యాపు తీసేద్దామంటే గ్లెనిస్ ఒప్పుకోదు. ఒకసారి మడిచామా, ఇంక మళ్ళీ పరచం, నాకు తెలుసు అంటుంది. ఆవిడ భయం ఆవిడది. ఈ ప్రయాణం ఏటా "వచ్చే ఏడు చూద్దాం" దగ్గరే ఆగిపోతూ వచ్చింది మరి.

క్లైవ్ ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ తమ ఊరు వాలరూలో, గోధుమలు నిలవచేసే సైలోలకి లారీలు తోలాడు. గ్లెనిస్ పోస్టాఫీసు కౌంటరు వెనక నిలబడింది. ఇద్దరూ రిటైరయ్యాక కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, పాత కారవాన్ ఒకటి కొని పెరట్లో పెట్టారు. అందులో ఇన్నాళ్ళూ హాయిగా కాపరం చేసింది సాలెపురుగులే.

ఈసారి మాత్రం క్లైవ్ పట్టుబట్టాడు. ఆగస్టులో బయల్దేరి తీరాలన్నాడు. గ్లెనిస్ తన మోకాలు ఇంకాస్త కుదుటపడనిమ్మంది. అతను వినలేదు. సరే, వెళ్ళడమంటూ ఖాయమయ్యాక పథకం వెయ్యడం ఆవిడ పని. అందులో ఆవిడకి ఎదురు లేదు. ముందు ఫ్లిండర్స్ కొండలు. పెళ్ళైన కొత్తలోనుంచీ పోతున్న చోటే, అక్కడ నాలుగు రోజులు నడిస్తే కాళ్ళకి అలవాటవుతుంది. తర్వాత గాలర్ కొండలు. అక్కణ్ణుంచి నల్లర్బార్ మైదానం దాటి కేప్ లె గ్రాండ్ సముద్రపు ఒడ్డు, స్టిర్లింగ్ కొండల్లో బ్లఫ్ నోల్ శిఖరం, ఆ పైన ఉత్తరానికి తిరిగి చిట్టచివర కరిజిని లోయలు. ప్రతి చోటా ఒక పెద్ద నడక. ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, ఎక్కడ కట్టెల మంట వెయ్యనివ్వరు, ఏ గుడారపు చోటు ముందే పట్టుకోకపోతే చేజారిపోతుంది, అన్నీ ఆవిడ నాలిక చివరే ఉన్నాయి.

ఒకరోజు కారవాన్‌ని సైలోల దగ్గరికి లాక్కుపోయి, లారీలు తూచే కాటా మీద ఎక్కించి తూయించారు. బరువు ఎక్కువుంది.

"నీ ఇనప డేగిసా తీసెయ్," అంది గ్లెనిస్.

"అది లేకపోతే మాంసం దేంట్లో వండుతావు, టోపీలోనా? నీ పుస్తకాలు తీసెయ్."

"పుస్తకాలు లేకపోతే నీ మొహం చూస్తూ కూర్చోవాలా మూడు నెలలు?"

చివరికి రెండూ ఉంచి, మడత కుర్చీల్లో సగం, క్లైవ్ పనిముట్ల పెట్టె ఒకటి దింపేశారు. కాటా దగ్గర పనిచేసే కుర్రాళ్ళు క్లైవ్‌ని చూసి చేతులూపారు. క్లైవ్ కూడా ఊపాడు గానీ, వాళ్ళకి కాదు, వాళ్ళ పక్కనున్న స్తంభానికి. గ్లెనిస్ చూసి నవ్వుకుంది, ఆ పూటకి మర్చిపోయింది.

వాలరూలో ఒక అలవాటుంది. దూరప్రయాణం పెట్టుకున్నవాళ్ళు ముందుగా ఒక శనివారం పొద్దున కారవాన్‌ని, పడవలు నీళ్ళలోకి దింపే బోటు ర్యాంపు దగ్గరికి తెచ్చి, అక్కడ నిలబెట్టిన రెండు రేకు డబ్బాల నడుమకి వెనక్కి తోలి పెట్టి చూపించాలి. ఎవరూ పెట్టమని అడగరు, పెట్టకపోతే మాత్రం ఏడాదంతా నవ్వుతారు. మగాడు తోలతాడు, ఆడమనిషి వెనకాల నిలబడి చేతులూపుతుంది. ఈ ఏర్పాటు ఎవరు చేశారో తెలీదు గానీ, ఊళ్ళో సగం కాపరాల్లో గొడవలు అక్కడే మొదలవుతాయి. రొయ్యల పడవ అమ్మేసి ఖాళీగా ఉన్న లిండ్సే అక్కడ గోడ మీద టీ ఫ్లాస్కుతో కూర్చుని అందరికీ మార్కులేస్తుంటాడు.

"రారా క్లైవ్, రా! లారీ అనుకుని సముద్రంలోకి తోసెయ్యకు," అని అరిచాడు ఆ శనివారం.

క్లైవ్ అద్దం సర్దుకున్నాడు. గ్లెనిస్ డబ్బాల నడుమ, అద్దంలో సరిగ్గా కనపడేలా నిలబడింది. కారవాన్ చక్కగా వస్తోంది. చాలనిపించి చెయ్యి పైకెత్తి ఆపమంది. కారవాన్ ఆగలేదు. రెండు చేతులూ ఎత్తింది. ఆగలేదు. "క్లైవ్!" అని కేక పెట్టి పక్కకి దూకింది. ఆవిడ పక్కనున్న డబ్బా చక్రం కింద పడి అప్పడమైపోయింది. అప్పుడాగింది.

లిండ్సే పగలబడి నవ్వాడు. "డబ్బాకి సున్నా, పెళ్ళానికి పది!"

"ఎండ కళ్ళల్లో పడింది," అన్నాడు క్లైవ్ దిగి.

ఆకాశం బూడిదరంగులో ఉంది. పొద్దుటినుంచీ ఎండ మొహమే లేదు. గ్లెనిస్ డ్రైవరు వైపు తలుపు పట్టుకుంది. "జరుగు, ఇంటికి నేను తోలతాను," అంది. ముందుకి తోలడం ఆవిడకీ వచ్చు. క్లైవ్ వెంటనే జరిగాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడగ్గానే జరిగిన మనిషి కాడు.

దార్లో, మాంసం కూరిన పేస్టీలమ్మే కొట్టు ముందు బండి ఆపేసింది.

"నీ అద్దంలో నిటారుగా నిలబడ్డాను. ఏం కనపడింది నీకు?"

క్లైవ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సముద్రం కనపడింది. కారవాన్ పక్క కనపడింది. నడుమ ఏమీ లేదు."

"ఏమీ లేదంటే?"

"మసక. నడుమంతా పోతోంది గ్లెన్, రెండు కళ్ళల్లోనూ. ఏప్రిల్లో ఫుట్‌బాల్ మ్యాచికని అడిలైడ్ వెళ్ళాను చూడు, మ్యాచి లేదు ఏం లేదు. కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. చుట్టూ మిగుల్తుందట, నడుమ మిగలదట. ఇంక బండి తోలొద్దన్నాడు."

"తోలొద్దన్నాడా! అన్నాక తోలుతూనే ఉన్నావా? బడి ముందునుంచి తోలావు, వెధవ్వి! పిల్లలు లేరూ అక్కడ? నన్ను వెనకాల నిలబెట్టావే, నన్ను!"

"తప్పే. తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ప్రయాణం మానేసేదానివి. నాకు కనపడుతుండగానే చూద్దామనుకున్నాను. అంతే."

మానేసేదే. అది నిజమని గ్లెనిస్‌కి తెలుసు కాబట్టి ఒళ్ళు మరింత మండింది. ఆకలని అంతకుముందు అన్న మనిషి, పేస్టీ కొట్టు ముందునుంచి పేస్టీ కొనకుండానే ఇంటికి తోలుకొచ్చింది.

తర్వాత రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. ఆవిడ కోపం కళ్ళు పోతున్నందుకు కాదు, దానికి ఏడుపే వస్తోంది. చెయ్యెత్తి నిలబడి, వీడు చూస్తున్నాడు, వీడు ఆపుతాడు అని నమ్ముకున్నందుకు. మంగళవారం పొద్దున బట్టలు ఆరెయ్యడానికి పెరట్లోకి వెళ్తే క్లైవ్ కారవాన్‌లోంచి సామాను ఒక్కొక్కటే దింపి గడ్డి మీద పేరుస్తున్నాడు. డేగిసా, దుప్పట్లు, ఆవిడ పుస్తకాలు.

"ఏం చేస్తున్నావు?"

"అమ్మేద్దాం. కొనేవాళ్ళుంటారు."

"ఎవరు చెప్పారు అమ్మమని?"

"మరి ఎవరు తోలతారు? నువ్వా? చేతిబండి కూడా వెనక్కి నెట్టలేవు నువ్వు."

ఆ ఒక్క మాటతో తాడో పేడో తేలిపోయింది. గ్లెనిస్ తడిబట్టల బుట్ట దించేసి, పుస్తకాలు రెండు చేతులా ఎత్తి మళ్ళీ కారవాన్‌లో పెట్టింది.

"నువ్వు నేర్పు. నేర్పడానికి కళ్ళక్కర్లేదుగా, నోరు బానే ఉందిగా నీకు."

సైలోల వెనక ఖాళీ మైదానంలో నేర్పుతానన్నాడు క్లైవ్, అక్కడెవరూ ఉండరు. గ్లెనిస్ ససేమిరా అంది. లిండ్సే ముందు పెట్టగలిగితే ఎక్కడైనా పెట్టగలనంది. కాదు, అసలు సంగతి అది కాదు. దాచడం ఇంక చాలనుకుంది.

శనివారం ర్యాంపు దగ్గర ఆవిడ స్టీరింగు ముందు, క్లైవ్ పక్క సీట్లో కనపడేసరికి గోడ మీద కూర్చున్నవాళ్ళంతా మాటలు ఆపేశారు. లిండ్సే ఒక్కడే ఆగలేదు.

"ఏంట్రా క్లైవ్, పెళ్ళాం లైసెన్సు లాక్కుందా?"

క్లైవ్ తలుపు తీసుకుని దిగాడు. గోడ దాకా నడిచి వెళ్ళాడు. అద్దం దించి ఉండబట్టి గ్లెనిస్‌కి ప్రతి మాటా వినపడింది.

"కళ్ళు పోతున్నాయిరా. ఆ రోజు ఎండ లేదు ఏం లేదు. మా ఆవిడ నాకు కనపడలేదు."

ఎవరూ నవ్వలేదు. లిండ్సే టీ కప్పు గోడ మీద పెట్టేశాడు. క్లైవ్ వెనక్కి తిరిగి వచ్చి సీట్లో కూర్చున్నాడు, మొహం కందగడ్డలా ఉంది. గ్లెనిస్‌కి అతని చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే ఇద్దరూ ఏడ్చేస్తారని ఊరుకుంది.

"చెయ్యి స్టీరింగు కింది వైపు పెట్టు," అన్నాడతను. "పైన కాదు, కింద. కారవాన్ ఎటు పోవాలో చెయ్యి అటు తిప్పు. ఇంక ఏమీ ఆలోచించకు. కొంచెం, కొంచెమే! పప్పు రుబ్బుతున్నావా?"

మొదటిసారి కారవాన్ కారుకి అడ్డంగా తిరిగిపోయింది. రెండోసారి రెండో వైపు తిరిగిపోయింది. క్లైవ్ కళ్ళు మూసుకుని టైర్ల చప్పుడు వింటున్నాడు. "రాసుకుంటోంది, వినపడ్డం లేదూ? ముందుకి పోనియ్, తిన్నగా చేసుకుని మళ్ళీ రా," అంటున్నాడు. కళ్ళు బాగున్న రోజుల్లో ఇంత ఓర్పుగా చెప్పిన పాపాన పోలేదు. మళ్ళీ, మళ్ళీ. గ్లెనిస్ మెడ పట్టేసింది, పోస్టాఫీసులో ఎన్నడూ వాడని మాటలు రెండు వాడింది.

అప్పుడు లిండ్సే గోడ దిగాడు. తిన్నగా కారవాన్ వెనక్కి నడిచి, డబ్బాల నడుమ నిలబడి చేతులెత్తాడు.

"ఎడమ తల్లీ, ఎడమ! అది కుడి! దేవుడా, ఇంకో ఎడమ! ఆఁ, రా, రా, రా..."

ఆ రోజు కుదరలేదు. ఆ తర్వాతి శనివారమూ పూర్తిగా కుదరలేదు. జులై గడిచేసరికి కారవాన్ డబ్బాల నడుమకి వచ్చి ఆగింది, కాస్త వంకరగా. లిండ్సే ఎప్పట్లా మార్కులెయ్యలేదు. తలుపు దగ్గరికొచ్చి క్లైవ్‌తో, "నీకంటే నయంరా," అన్నాడు. క్లైవ్ నవ్వి, "తెలుసు," అన్నాడు.

ఆగస్టులో చలిగాలి కొడుతున్న ఒక పొద్దున బయల్దేరారు. గ్లెనిస్ తోలుతోంది. పోర్ట్ పిరీ దాటారు. కుడి చేతి వైపు కొండల వరస మొదలైంది. క్లైవ్ ఏదో పాట ఈల వేస్తూ కూర్చున్నాడు. పోర్ట్ ఆగస్టా వచ్చింది, సిగ్నళ్ళు దాటారు, పెట్రోలు బంకులు దాటారు. ఉన్నట్టుండి ఈల ఆగిపోయింది.

"గ్లెన్, మలుపు దాటేశావు."

"దాటలేదు."

"కింద వంతెన చప్పుడు వినపడుతోంది నాకు. లారీతో దీనిమీద తిరిగినవాణ్ణి, నాకు చెప్తావా? క్వోర్న్ మలుపు ఎప్పుడో వెనకబడిపోయింది. ఫ్లిండర్స్‌కి అటు పోవాలి."

"ఫ్లిండర్స్‌కి పోవట్లేదు."

"ముందు అక్కడికేనని పెట్టింది నువ్వే కదా?"

"నేనే పెట్టాను, నేనే తీశాను. ఫ్లిండర్స్ నీకు తెలియనిదా? ఏ మలుపులో ఏ బండ ఉందో కళ్ళు మూసుకుని చెప్తావు. అది తిరిగొచ్చేటప్పుడు చూద్దాం. అప్పటికి నీకు కనపడకపోతే నేను చెప్తుంటాను, నువ్వు విను. చూడనివి ముందు చూడాలి. దార్లో పడుకోవడానికి తప్ప ఎక్కడా ఆగం. అన్నిటికంటే దూరానిది ముందు, తిన్నగా కరిజిని, మిగతావి వచ్చేదార్లో. చోట్లన్నీ మార్పించేశాను, గొడవ చెయ్యకు."

గొడవ చెయ్యలేదు. వంతెన అయిపోయింది, ఊరు అయిపోయింది, రెండు పక్కలా ఉప్పునేల పొదలే మిగిలాయి. ఇంత పెద్ద మాట చెప్తే ఊఁ అనడేం అని గ్లెనిస్ ఒక్క క్షణం తల తిప్పి చూసింది. క్లైవ్ తనని చూడ్డం లేదు. తన మొహాన్ని దాటి, అవతలి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆవిడకి చివుక్కుమంది.

"ఏముంది అక్కడ, అంత చూస్తున్నావు?"

"నిన్నే చూస్తున్నాను," అన్నాడు క్లైవ్. "నీ మొహంకేసి చూస్తే నువ్వు పోతున్నావు. ఇలా పక్కకి చూస్తేనే కనపడుతున్నావు."

గ్లెనిస్ రోడ్డుకేసే చూస్తూ స్టీరింగు గట్టిగా పట్టుకుంది.

"చూడు మరి. పొద్దున తల కూడా దువ్వుకోలేదు," అంది.

"పర్లేదులే. అంత బాగా ఏం కనపట్టం లేదు."

ఆవిడ నవ్వింది, ఏడ్చింది. కారవాన్‌ని మాత్రం గీత దాటనివ్వలేదు.