వర్జ్యం వెళ్ళాక పెట్టిన సంతకం

బుల్లెమ్మ సంచి సర్దుతోంది. చనిపోయిన భర్త పాత పంచెలు ఉతికి, చింపి, మడతలు పెట్టిన పొత్తిగుడ్డలు పన్నెండు. చెవులు మూసే ఉన్ని టోపీ ఒకటి. ఫ్లాస్కు, రెండు స్టీలు గ్లాసులు, కూతురికి మెత్తటి పాత చీరలు. అన్నిటికన్నా పైన, చేతికి వెంటనే అందేలా, పంచాంగం.

"ఆస్పత్రికి పంచాంగం ఎందుకే అమ్మా?" అంది పావని, వాచిన కాళ్ళు మంచం మీదికి లాక్కుంటూ.

"నువ్వూరుకో. ఆరుంబావుకి గడప దాటాలి."

"నొప్పులొచ్చినదాన్ని కూడా ఇలాగే టైము చూసి బయల్దేరదీస్తావేంటి?"

"నీకు నొప్పులెక్కడొచ్చాయే? రాకుండానే కదా తీసుకెళ్తన్నాను."

తల్లీకూతుళ్ళిద్దరూ నవ్వుకున్నారు. ఫిబ్రవరి నెల, గురువారం ఉదయం, మండపేటలో ఆ ఇంటి ముందు ఆగిన కారును చూసినవారెవరికీ అందులో తప్పు కనిపించదు. పుట్టింటికి వచ్చిన కూతురిని తల్లి పురిటికి తీసుకెళ్తోంది, అంతే కదా! కాని చదువుతున్న మీరు ఒక్క సంగతి గమనించాలి. పావనికి నెలలు నిండలేదు. ఇంకా ఐదు వారాలుంది.

బుల్లెమ్మ మూర్ఖురాలు కాదు, చెడ్డది అంతకన్నా కాదు. ఇరవై రెండేళ్ళ కిందట ఆమె భర్త చిట్టియ్య ధాన్యం లారీ మీద కాకినాడ బయల్దేరాడు. "సాయంత్రానికి వచ్చేస్తాను, చేపల పులుసు పెట్టు" అన్నాడు. పులుసు పెట్టింది. లారీ కాలవలో పడింది. పక్కింటావిడ పంచాంగం తిరగేసి, "సరిగ్గా వర్జ్యంలో బయల్దేరాడమ్మా, నీకు చదువొచ్చి ఉంటే ఆపేదానివి" అంది. ఆ మాట బుల్లెమ్మ గుండెలో దిగబడిపోయింది. రెండేళ్ళ పావనిని చంకన వేసుకుని, రైసుమిల్లు బయట బస్తాల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ తనంతట తానే చదువు నేర్చుకుంది. మొదట చదివిన పుస్తకం పంచాంగమే. అప్పటినుంచి ఆ ఇంట్లో వేళ చూడకుండా ఎవరూ గడప దాటలేదు. వీధిలోవాళ్ళు కూడా వచ్చి అడిగేవారు. ఎవరు ఏ ఊరు వెళ్ళినా, తిరిగి వచ్చారని తెలిసేదాకా ఆమెకు అన్నం సహించేది కాదు.

అలాంటి మనిషికి, పుట్టబోయే బిడ్డ ఆయుష్షు తన చేతిలోనే ఉందనిపించింది. గురువారం పదీ నలభై రెండుకు పుడితే నిండు నూరేళ్ళు. నెలలు నిండేసరికి మూఢం వచ్చేస్తుంది. మొదటినుంచీ చూస్తున్న డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "తొమ్మిదో నెల రావడం వేరు, నిండడం వేరండి. నేను చెయ్యను" అంది. బుల్లెమ్మ ఇంకో నర్సింగ్ హోమ్ వెతుక్కుంది. అక్కడ వారాల గురించి ఎవరూ గట్టిగా అడగలేదు.

సరిగ్గా పదీ నలభై రెండుకు పాప పుట్టింది. కత్తి పట్టుకున్న డాక్టరును ఆరు నిమిషాలు ఆపి మరీ పుట్టించారు. పాప ఏడవలేదు, మూలిగింది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. ఊపిరితిత్తులు ఇంకా పండలేదని, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పారు. పావని కుట్లతో అక్కడే ఉండిపోయింది. అల్లుడు సుధాకర్, బుల్లెమ్మ అంబులెన్సులో పాపతో రాజమండ్రి వెళ్ళారు. సంచి కూడా వెళ్ళింది.

రాజమండ్రిలో పసిపిల్లల ఐసీయూ ముందు ఒక బల్ల ఉంది. దాని మీద ఉప్పాడ నుంచి వచ్చిన నూకరత్నం ఇరవై రోజులుగా ఉంటోంది. ఆమె మనవడు లోపల ఉన్నాడు. కొడుకు చేపల వేటకు వెళ్ళాడు, కోడలు వేరే వార్డులో ఉంది.

"ఏం బెంగెట్టుకోకమ్మా. మావోడు వచ్చినప్పుడు మెత్తళ్ళ చేపంత ఉండేవోడు. ఇప్పుడు కట్టిపరిగ చేపంత అయ్యేడు" అని నవ్వించబోయింది. బుల్లెమ్మకు నవ్వు రాలేదు.

మూడు రోజులు గడిచాయి. పాపకు గొట్టంతో ఊపిరి పోస్తున్నారు. ఒంట్లో ఇన్ఫెక్షన్ చేరింది. ఆదివారం ఉదయం పదింటికి డాక్టర్ రాజేంద్ర, నర్సు తబిత బయటికి వచ్చారు.

"సుధాకర్ గారూ, పాపకి రక్తం బాగా తగ్గిపోయిందండి. నెలలు నిండని బిడ్డ, తయారుచేసుకునే శక్తి తక్కువ. ఇన్ఫెక్షన్ ఒకటి. పరీక్షలకని మేం తీసేది కూడా ఆ కాస్తలోంచే కదా. ఇప్పుడే ఎక్కించాలి. సంతకం పెట్టండి."

"ఎంతెక్కించాలండి?" అని అడిగాడు సుధాకర్.

"ముప్ఫై మిల్లీలీటర్లు. రెండు పెద్ద చెంచాలనుకోండి."

బుల్లెమ్మ అప్పటికే సంచిలోంచి పంచాంగం తీసింది. వేలు పెట్టి చూసి, అల్లుడి చేతిలోని పెన్నును మెల్లిగా పట్టుకుంది.

"ఆగండి బాబూ. వర్జ్యం నడుస్తంది. పదకొండూ ఇరవై ఆరు దాటాక పెడుదురుగాని."

"అమ్మా!" అంది తబిత. "మీరు సంతకం పెట్టాకే శాంపిల్ బ్లడ్ బ్యాంకుకి వెళ్ళుద్ది. అక్కడ సరిచూసి ఇవ్వడానికే గంటన్నర పడుద్ది."

"రెండు చెంచాలే కదమ్మా. రెండు చెంచాలకి ఇంత తొందరేంటి?"

డాక్టర్ గొంతు తగ్గించాడు. "అమ్మా, ఆ పాప ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపితే మీ సంచిలో ఉన్న గ్లాసుకి సరిపోదు. అందులో రెండు చెంచాలు తక్కువ కాదు."

లోపల ఇంకో బిడ్డ దగ్గర గంట మోగింది. ఆయన పరుగెత్తాడు. వెళ్తూ వెళ్తూ, "కాగితం తబిత దగ్గరుంది. దయచేసి ఆలస్యం చెయ్యకండి" అన్నాడు.

సుధాకర్ అత్తగారి వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. "అత్తయ్యగారూ, పెట్టేస్తానండీ..."

"మీ మావయ్యగారు వర్జ్యంలో వెళ్ళారు బాబూ. తిరిగి రాలేదు." బుల్లెమ్మ పమిటతో కళ్ళొత్తుకుంది. "చేతులు జోడించి అడుగుతున్నాను. గంటన్నర."

సుధాకర్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. చదువుకున్నవాడే. తప్పని తెలుసు. పెద్దావిడ కన్నీళ్ళను కాదనలేకపోయాడు. మన ఇళ్ళలో ఎన్నో పనులు ఇలాగే ఆగిపోతాయి.

నూకరత్నం ఊరుకోలేకపోయింది. "ఏంటమ్మా నువ్వు! మా మనవడికి మూడుసార్లు రక్తం ఎక్కించేరు. మూడుసార్లూ నేనే వేలిముద్రేసేను. నాకు అక్షరమ్ముక్క రాదు. ఏ ఏళో ఏంటో చూడ్డం చాతకాదు. డాక్టరుబాబు ఎక్కడంటే అక్కడ ఏలెట్టేసేను. నీకేమో చదువొచ్చింది, చదువుకుంటా కూకున్నావు!"

బుల్లెమ్మ గోడ గడియారం చూస్తూ కూర్చుంది. తబిత రెండుసార్లు వచ్చి అడిగింది. రెండుసార్లూ ఆమె చేయి అల్లుడి చేతి మీదే ఉంది.

పదకొండూ ఇరవై ఆరుకు సుధాకర్ సంతకం పెట్టాడు. శాంపిల్ వెళ్ళింది. పన్నెండున్నరకు పాప గొట్టంలో నెత్తురు కనిపించింది. ఊపిరితిత్తుల్లో రక్తస్రావం మొదలైంది. అప్పటికే పలుచబడిన రక్తంలో ఉన్న కాస్తా పోతోంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తబిత గొంతు వినిపించింది. "బ్లడ్ వచ్చిందా? ఇంకా రాలేదా?" ఒంటిగంటా ఐదుకు చల్లటి పెట్టెలో అది వచ్చింది. ఎక్కించడం మొదలుపెట్టారు. ముప్ఫైలో నాలుగు మిల్లీలీటర్లే ఎక్కింది.

కాసేపటికి డాక్టర్ వచ్చి బల్ల మీద బుల్లెమ్మ పక్కనే కూర్చున్నాడు. ఆయన కోపంగా లేడు. అందుకే ఆమెకు ఇంకా భయం వేసింది.

"ముందే ఎక్కిస్తే బతికి ఉండేదా బాబూ?"

"ప్రమాణం చేసి చెప్పలేనమ్మా. మా చేతిలో కూడా అన్నీ ఉండవు. కానీ ఆ గంటన్నరా పాపది. అంతకుముందు, కడుపులో ఉండాల్సిన ఐదు వారాలూ పాపవే. మనం తీసుకున్నాం. అడక్కుండా తీసుకున్నాం."

మండపేటలో పావని తల్లిని ఏమీ అడగలేదు. సంచిలోంచి పొత్తిగుడ్డలు తీసి ఒక్కొక్కటీ విప్పింది, మళ్ళీ ఒక్కొక్కటీ మడిచింది. "నాన్న పంచెలే కదమ్మా ఇవి" అంది. ఆ తర్వాత చాలా రోజులు తల్లితో ఏది చెప్పాలన్నా సుధాకర్ చేతే చెప్పించింది.

నెల తిరక్కుండానే ఎదురింటి త్రిమూర్తులు అరుగు దగ్గరికి వచ్చాడు.

"బుల్లెమ్మగారూ, కోడలికి ఆపరేషన్ అంటన్నారండి. ఈ వారంలో మంచి గంట ఏదైనా..."

బుల్లెమ్మ లోపలికి వెళ్ళి పంచాంగం తెచ్చింది. తెరవలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"త్రిమూర్తులుగారూ, పెళ్ళికి అడగండి, చెప్తాను. గృహప్రవేశానికి అడగండి, చెప్తాను. బిడ్డ పుట్టడానికి నన్నడక్కండి. నెలలు నిండాయో లేదో డాక్టరమ్మనడగండి. ఆవిడ ఆగమంటే ఆగండి, ఇప్పుడే అంటే ఆ నిమిషమే తీసుకెళ్ళండి. రక్తం కావాలని కాగితం ఇస్తే గడియారం చూడకండి, ముందు సంతకం పెట్టండి. పుట్టేదానికి గంట నేను పెట్టాను. పోయేదానికి కూడా నేనే పెట్టినట్టయింది."

ఆయన తల వంచుకుని వెళ్ళిపోయాడు. చదివిన మీరు కూడా ఎవరినీ నిందించనక్కర్లేదు. మీ ఇంట్లో సంచి సర్దుతున్నప్పుడు మాత్రం, అడగవలసింది ఏ గంట అని కాదు, ఎన్ని వారాలు అని.

ఆసుపత్రి కాగితాల్లో ఆ బిడ్డకు పేరు లేదు. "పావని గారి పాప" అని రాసి ఉంది. ఫిబ్రవరి పదమూడు, గురువారం, ఉదయం పదీ నలభై రెండుకు పుట్టింది. ఫిబ్రవరి పదహారు, ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలకు పోయింది. ఇంటికి రాలేదు.