పేరు రాలిపోయిన బండి

మేస్త్రి కిరసనాయిలు పళ్ళెంలో బేరింగును తిప్పి తిప్పి కడుగుతున్నాడు. ఇనుప గుళ్ళ మధ్య గట్టిపడ్డ పాత గ్రీజును అరిగిపోయిన పళ్ళ బ్రష్షుతో గీకి, ఉఫ్ మని ఊది, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూసి, మళ్ళీ ముంచుతున్నాడు. షెడ్డు తెరిచి అప్పటికే గంట దాటింది. గోడకు వరసగా స్పానర్లు వేలాడుతున్నాయి. ఒక్కోదాని వెనక దాని ఆకారంలోనే నల్లటి మరక. ఏది కావాలన్నా కళ్ళతో వెతకనక్కర్లేదు, చెయ్యే వెళ్ళి తెచ్చేస్తుంది. నలభై ఏళ్ళుగా ఆ చెయ్యి ఆ గోడ దాకా వెళ్ళి వస్తూనే ఉంది.

"మేస్త్రీ, ఉన్నారా?"

గుమ్మంలో డ్రైవరు, అతని వెనక అతని భార్య. డ్రైవరు పద్దెనిమిదేళ్ళు ఇటుకల బట్టీ వాళ్ళ ట్రాక్టరు తోలాడు. బట్టీ మూతపడింది. ట్రాక్టరును ఎవరో కొనుక్కుపోయారు, డ్రైవరును మాత్రం ఎవరూ తీసుకుపోలేదు. స్టీరింగు తప్ప మరొకటి పట్టడం చేతకాని మనిషి, నాలుగు నెలలుగా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు తిరుగుతున్నాడు. అతని భార్య మిల్లులో బస్తాల మూతులు కుడుతుంది. ఆమెది మాట తక్కువ, చూపు ఎక్కువ.

"ఇంకో బండి చూశాను," అన్నాడు డ్రైవరు, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

మేస్త్రి తలెత్తలేదు. డ్రైవరు సొంతానికి ఒక పాత ట్రాక్టరు కొనుక్కుంటానంటే, ఇంతవరకు అతని కోసం ఐదు బళ్ళు చూశాడు. ఐదూ వద్దన్నాడు. ఒకదాని ఇంజను పగిలితే అతుకు వేసి పైన రంగు పూశారు. ఒకదానికైతే రంగు తప్ప ఇంకేమీ లేదు.

"ఏ కంపెనీది?"

డ్రైవరు నసిగాడు. "అదే... ఆ ఎత్తేసిన కంపెనీది. బూడిద రంగుది. కాలవ అవతల రైతు దగ్గర ఉందే, అది."

మేస్త్రి చేతిలో బేరింగు తిరగడం ఆగింది. ఆ రకం బళ్ళు ఈ చుట్టుపక్కలకి మూడే వచ్చాయి. వచ్చిన నాలుగేళ్ళకే కంపెనీ తలుపులు మూసుకుంది. రెండు బళ్ళు పాత ఇనుముకి పోయాయి. మూడోది ఇన్నాళ్ళు బతికిందంటే అది మేస్త్రి పుణ్యమే.

"పద చూద్దాం," అని లేచి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

కాలవ గట్టు మీద నడక పావుగంట. మేస్త్రి మొదటిసారి ఆగి నీళ్ళలోకి చూశాడు. రెండోసారి చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు. మూడోసారి ఆగడానికి సాకు దొరకక ఊరికే నిలబడ్డాడు. డ్రైవరు బండి గురించి చెబుతూ నాలుగడుగులు ముందుకు వెళ్ళిపోయాడు. అతని భార్య మాత్రం వెనకే నిలబడి, మేస్త్రి మళ్ళీ కదిలేదాకా కొంగు సర్దుకుంటూ ఉండిపోయింది.

బండి రైతు ఇంటి వెనక, ఒంటి వాలు రేకుల పంచలో ఉంది. రెండేళ్ళుగా కదల్లేదు. ముందు మూత మీద కంపెనీ పేరులో సగం అక్షరాలు రాలిపోయాయి. మిగిలినవి చదివితే ఏ మాటా కావడం లేదు. సీటు మీద ఒక కోడి పొదిగి కూర్చుని, వచ్చినవాళ్ళను అద్దెవాళ్ళను చూసినట్టు చూసింది.

"దాన్ని లేపకండి, పొడుస్తుంది," అన్నాడు రైతు చేతికర్రతో వస్తూ. "మేస్త్రీ, నీకు తెలియంది ఏముంది ఇందులో. నాకు మోకాళ్ళు పోయాయి, ఎక్కలేను. పాత ఇనుపవాడు రోజూ వచ్చి పెళ్ళిచూపుల్లా చూసి పోతున్నాడు. వాడిచ్చే ధరకి కాస్త పైన వేసి తీసుకుపోండి."

కోడిని బుట్టలోకి మార్చేసరికి రైతు చేతి మీద రెండు గాట్లు పడ్డాయి.

మేస్త్రి చూడటం మొదలుపెట్టాడు. ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. స్టీరింగు తిప్పి, చక్రం కదలడానికి ముందు అది ఎంత దూరం ఊరికే తిరుగుతోందో లెక్క చూసుకున్నాడు. ఆయిలు మట్టం చూసే పుల్ల తీసి, రెండు వేళ్ళ మధ్య రాసి, వాసన చూశాడు. రేడియేటరు కారుతోంది. స్టార్టరు చచ్చిపోయింది. వెనక చక్రం లోపలివైపు ఆయిలు ఊరి దుమ్ముతో కలిసి ముద్దకట్టింది. నాగలిని ఎత్తే లిఫ్టు పైకి లేచి నిలబడదు, మూలిగి దిగిపోతుందని రైతే చెప్పాడు. ఆయన దాపరికం లేని మనిషి.

"తోద్దాం," అన్నాడు మేస్త్రి.

పంచ ముందు నేల వాలుగా ఉంది. పక్కింటి బ్యాటరీ తెచ్చి తగిలించి, డ్రైవరు ఎక్కి కూర్చుంటే మిగిలిన ముగ్గురూ తోశారు. బండి కదిలింది, దగ్గింది, ఆగబోయి, ఒక్కసారిగా తెల్లటి పొగ కక్కి అందుకుంది. పొగ పల్చబడి, నీలంగా మారి, కాసేపటికి కనబడకుండా పోయింది. డ్రైవరు ముఖం వెలిగిపోయింది. నాలుగు నెలల తర్వాత అతని చేతులకు చోటు దొరికింది.

మేస్త్రి మడ్‌గార్డును ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఊపిరి అందాక, పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద, పిడిని చెవి కింది ఎముకకు ఆనించి విన్నాడు. ఒక్కో సిలిండరు దగ్గర ఆగి విన్నాడు. నాలుగూ తడబడకుండా, ఒకదాని వెనక ఒకటి బదులు పలుకుతున్నాయి. ఆయిలు పోసే మూత తీసి అరచెయ్యి పెట్టాడు. చేతిని నెట్టే గాలి లేదు. గుండెకాయ లాంటి ఇంజను చెక్కుచెదరలేదు. చుట్టూ ఉన్నదంతా పాడైంది.

వంగి కింద చూస్తే పంపు గొట్టం దగ్గర ఒక రాగి వాషరు మెరిసింది. పన్నెండేళ్ళ కిందట తను కోసి పెట్టిందే. దాని పక్కన బుష్షు, తను దగ్గరుండి లేతు మిషను మీద తీయించింది. క్లచ్చి ప్లేటుకు రెండుసార్లు కొత్త తోలు కొట్టించిందీ తనే. ఇది కంపెనీ బండి కాదు, తన బండి.

"వద్దు," అన్నాడు లేచి నిలబడి.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. "అదేంటి మేస్త్రీ? ఇంజను బాగుంది కదా?"

"బాగుంది."

"మరి?"

"వద్దన్నానుగా."

రైతు కోడి ఉన్న బుట్ట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. డ్రైవరు భార్య ఒక అడుగు ముందుకు వేసింది.

"అన్నయ్యా, ఒక్క మాట అడుగుతాను. ఇదే మీరు కొనుక్కోవాల్సి వస్తే కొంటారా?"

మేస్త్రి అబద్ధమాడటానికి అలవాటు పడ్డవాడు కాదు. "నేనైతే కొంటాను."

"మరి మమ్మల్నెందుకు వద్దంటున్నారు? తేడా ఏంటి?"

"తేడా నేనేనమ్మా. దీని సామాను ఏ కొట్లోనూ దొరకదు. పాడైన ప్రతిదాన్నీ కొయ్యాలి, తొలవాలి, వేరే బండిది తెచ్చి అతకాలి. అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మీరు కొనేది బండిని కాదు, నన్ను."

డ్రైవరు నవ్వేశాడు. "ఇంకేం, మంచిదేగా. మీరెక్కడికి పోతారు?"

డ్రైవరు భార్య అతని వైపు కాకుండా మేస్త్రి పెదాల వైపు చూస్తోంది. అవి నీలంగా ఉన్నాయి.

"దారిలో మూడుసార్లు ఆగారు," అంది మెల్లగా. "డాక్టరుకి చూపించారా?"

"చూపించాను. పంపు సగమే కొడుతోందన్నాడు. మార్చలేరా అంటే నవ్వాడు." మేస్త్రి కూడా నవ్వడానికి చూశాడు. "ఇంట్లో చెప్పలేదు. మీరూ చెప్పకండి."

చల్లబడుతున్న ఇంజను టిక్కు టిక్కుమంటోంది. డ్రైవరు సీటు మీంచి దిగి వచ్చి, ఏం చెయ్యాలో తోచక, మేస్త్రి భుజం మీద పడ్డ గడ్డిపోచ తీసేశాడు.

"అయితే నేర్పండి," అంది ఆమె.

"ఎవరికి?"

"ఈయనకే."

మగవాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇతగాడికా? చేతులు చూశావా, స్టీరింగుకి పుట్టించినట్టుంటాయి!"

"చేతులదేముంది అన్నయ్యా. సూది పట్టిన కొత్తలో నేను బస్తాల కంటే నా వేళ్ళనే ఎక్కువ కుట్టుకున్నాను. మీకు ఓపిక ఉందా, అది చెప్పండి."

అడగాల్సిన చోట అడిగింది. మేస్త్రికి ఓపిక లేదన్నది అందరికీ తెలిసిన సంగతే. పని నేర్చుకుంటామని వచ్చినవాళ్ళు ఎంతోమంది. ఒక్కడూ నెల నిలవలేదు. తిట్టడం ఒక్కటే కారణం కాదు. ఎదుటివాడు నట్టు మీద స్పానరు పెట్టి తడుముకుంటుంటే, "ఇటివ్వు" అని లాక్కుని తనే తిప్పేసేవాడు. పని త్వరగా అయ్యేది. వాడు మాత్రం నిలబడి చూసి చూసి, ఒకరోజు రావడం మానేసేవాడు. దీన్ని మేస్త్రి పనిమంతుడి చురుకనుకున్నాడు. "మేస్త్రి తప్ప ఇంకెవరూ చెయ్యలేరు" అన్న మాట చెవికి ఎంత తీపిగా ఉండేదో, ఈ రోజు ఈ బండి పక్కన నిలబడితే తెలిసింది. ఆ తీపి కోసమే ఇన్నేళ్ళు స్పానరు ఎవరి చేతిలోనూ ఉండనివ్వలేదేమో. ఇప్పుడు తను పోతే ఇంత మంచి ఇంజను పాత ఇనుముకి పోతుంది, ఈ మనిషి ఖాళీ చేతులతోనే మిగిలిపోతాడు.

"లిఫ్టుతో మొదలుపెడదాం," అన్నాడు చివరికి. "ఇవాళే. నేను సామాను ముట్టుకోను. అంతా నువ్వే విప్పాలి, నువ్వే బిగించాలి."

బేరం రైతు గుమ్మంలోనే రెండు మాటల్లో తెగింది. డ్రైవరు బండిని మెల్లగా తోలుకొచ్చాడు. మేస్త్రి మడ్‌గార్డు మీద కూర్చున్నాడు, డ్రైవరు భార్య అటు నుంచే మిల్లుకి వెళ్ళిపోయింది. కాలవ వంతెన మీద గేరు మారుతున్నప్పుడు మేస్త్రి కళ్ళు మూసుకుని విని, "రెండోది కాస్త అరిగింది, పర్లేదు," అన్నాడు.

భోజనాలయ్యాక పని మొదలైంది. మేస్త్రి భార్య టీ గ్లాసులతో షెడ్డులోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. భర్త గోడ వారన స్టూలు మీద కూర్చున్నాడు. ఇంకొకరు ఆయన స్పానరు పట్టుకుని బండి మీద వంగి ఉన్నారు.

"ఇదేం విడ్డూరమండీ," అంది.

"ముసలాణ్ణయ్యాను కదే. కూర్చుని పెత్తనం చేద్దామని."

ఆమె నవ్వలేదు. టీ చేతికిచ్చి, అవసరం లేకపోయినా ఆయన చొక్కా కాలరు సరిచేసి వెళ్ళింది.

లిఫ్టు పైమూతకు పద్నాలుగు బోల్టులు. మేస్త్రి లేచి, సుద్దముక్క తీసుకుని, నేల మీద ఆ మూత బొమ్మ గీశాడు. చుట్టూ పద్నాలుగు చిన్న గుండ్రాలు చుట్టి, లోపల అంకెలు వేశాడు.

"పొడుగూ పొట్టీ కలిసి ఉంటాయి. ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడికే పోవాలి. పొట్టి చోట పొడుగుది పెట్టి బిగించావో, లోపలిది చీలుతుంది. తీసినదాన్ని తీసినట్టు దాని గుండ్రంలో పెట్టు."

డ్రైవరు ఒక్కొక్కటే విప్పాడు. మొదటిదానికి పది నిమిషాలు పట్టింది. స్పానరు రెండుసార్లు జారి వేలి కణుపు చర్మం లేచింది. మేస్త్రి చెయ్యి తనంతట తనే ముందుకు వెళ్ళింది. దాన్ని వెనక్కి తెచ్చుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు.

"ఇలాగేనా మేస్త్రీ?"

"ఊఁ."

ఆరోది, తొమ్మిదోది, పదకొండోది. ఒక్కోటి సుద్ద గుండ్రంలో వచ్చి కూర్చుంటుంటే డ్రైవరు చేతులు కుదుటపడ్డాయి. రేకుల సందుల్లోంచి పడుతున్న ఎండ బండి మీంచి జరిగి గోడ మీదకు వచ్చింది. ఆఖరిది పట్టేసింది. డ్రైవరు బలమంతా పెట్టాడు.

"ఆగు. విరిచేస్తావు. ఆయిలు వేసి ఊరుకో." మేస్త్రి గొంతు మెల్లగా వచ్చింది. "ఊరుకోవడం కూడా పనే. కాసేపయ్యాక కాస్త బిగించి, అప్పుడు వదులు చెయ్యి."

డ్రైవరు ఆయిలు వేసి కూర్చున్నాడు. బట్టీ కబుర్లు ఏవో చెప్పాడు. తర్వాత లేచి, కాస్త బిగించి, వదులు చేశాడు. బోల్టు కిర్రుమంది. తుప్పు వదిలే చప్పుడు అది. గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్న మేస్త్రికి ఆ చప్పుడు వినబడింది. సరైన చప్పుడే. ఇక విరగదు.

"ఇలాగేనా?"

జవాబు రాలేదు. మేస్త్రి తప్పుంటేనే మాట్లాడతాడని డ్రైవరుకు తెలుసు. అందుకని మాట్లాడకపోవడాన్ని మెచ్చుకోలు కింద తీసుకుని, సంబరంగా, తొందరపడకుండా, ఒక్కో చుట్టు తిప్పుతూ పోయాడు. బోల్టు చేతిలోకి వచ్చేసింది.

"వచ్చేసింది మేస్త్రీ!" అంటూ తిరిగి చూశాడు.

మేస్త్రి అలాగే కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ ఇంకా తొడల కిందే ఉన్నాయి.

చీకటి పడకముందే షెడ్డు నిండా జనం చేరారు. డ్రైవరు ఒక మూల నిలబడి, "నేను చూసుకోలేదమ్మా, చూసుకోలేదు," అని అదే మాట అంటూ ఉంటే, మేస్త్రి భార్య అతని దగ్గరికి వచ్చింది.

"డాక్టరు రాసిచ్చిన కాగితం నెల కిందటే చూశాను, సామాను పెట్టెలో. నాకు తెలుసని ఆయనకు తెలీదు. ఇన్నేళ్ళలో ఆయన కుదురుగా కూర్చోవడం నేను చూసింది ఇవాళేనయ్యా," అంది.

ఆ బండిని బాగుచెయ్యడానికి డ్రైవరుకు నెలన్నర పట్టింది. మేస్త్రి భార్య రోజూ తాళం తీసి ఇచ్చేది. మూత రెండుసార్లు కారింది, రెండుసార్లూ విప్పి మళ్ళీ బిగించాడు. ఇప్పుడు లిఫ్టు ఎత్తితే, దించేదాకా దిగదు. పేరు లేని ఆ బండి ఆ చుట్టుపక్కల పొలాలన్నీ దున్నుతోంది.

అయితే అదంతా తర్వాతి సంగతి. ఆ సాయంత్రం మేస్త్రిని ఇంట్లోకి మోసుకుపోయాక, షెడ్డు ఖాళీ అయ్యాక, డ్రైవరు తన కుడి పిడికిలి ఇంకా మూసే ఉందని చూసుకోకుండానే వాళ్ళ వెనక నడిచి వెళ్ళిపోయాడు. అంతమంది వచ్చి వెళ్ళినా నేల మీద ఆ బొమ్మను ఎవరూ తొక్కలేదు. పదమూడు బోల్టులు వాటి వాటి గుండ్రాల్లో నిలబడి ఉన్నాయి, పద్నాలుగో గుండ్రంలో మేస్త్రి కాస్త వంకరగా వేసిన అంకె, దాని పక్కన ఆయన వదిలిన సుద్దముక్క.